గడప చూసే ముగ్గు

ఇప్పుడు ప్రతి గడపకూ సర్కారు బిగించిన ఒక కన్నుంది. డెబ్బై దాటిన ఆడవాళ్లు రోజూ పొద్దున్నే దాని ముందు ముగ్గు వేయాలి. మెలిక కలవకపోతే మతి తప్పినట్టు లెక్క. సాయంత్రానికి బండి వచ్చి వృద్ధాశ్రమానికి పట్టుకుపోతుంది. ఏ రోజుకూ మినహాయింపు లేదు.

నిన్న భ్రమరాంబ చివరి మెలిక దగ్గర చాలాసేపు ఆగిపోయింది. కన్ను ఎర్రబడింది, ఎలాగో మెలిక కలిపాకే పచ్చబడింది. ఆ భయంతోనే కోడలు కుముదిని ఇవాళ తెల్లవారగానే ముగ్గుడబ్బా తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది.

భ్రమరాంబ చుక్కలు పెట్టి గీత మొదలుపెట్టింది. వేళ్ల సందునుంచి పిండి సన్నగా జారుతుంటే, గీత చుక్కలన్నీ చుట్టి, బయలుదేరిన చోటికే వచ్చి కలిసింది. కన్ను పచ్చగా వెలిగింది.

కుముదిని ఊపిరి పీల్చుకునేలోగా, స్నానం చేసి తడిపంచెతో వచ్చిన భర్త గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఇవాళ నాన్న తద్దినం కదే! వాకిట్లో ముగ్గేమిటి?"

కుముదిని అత్తగారి వైపు తిరిగింది. అయితే అత్తగారికి నిజంగానే మతి పోతోంది. కంటికి అది తెలియలేదు, అంతే.

"అత్తయ్యా, ఇవాళేం రోజో..."

"మెల్లగా అనవే, ఆ కన్ను వింటుంది కూడా," అంది భ్రమరాంబ. "నాకు గుర్తుంది. మానేస్తే నన్ను పట్టుకుపోరూ? మీ మామయ్య ఏమీ అనుకోరులే."

లేచి, డబ్బా కోడలి చేతిలో పెట్టింది.

"డబ్బా తెచ్చిచ్చింది నువ్వు. నీకే గుర్తు లేదు. రేపట్నుంచి నా పక్కన కూర్చుని వెయ్యి, నీ వంతు వచ్చేలోగా చెయ్యి అలవాటవ్వాలి."