మూడు గంటల జీపు

గేటు ముందు వ్యాను ఆగగానే ఫారెస్టు గార్డు తలుపు తీసి, ముక్కు ఎగబీల్చాడు.

సీట్ల కింద వరిగడ్డిలో పెట్టిన చిన్నరసాల గంప సరిగ్గా ఆవేళే మాగింది.

పళ్ళ వాసనకి ఏనుగులు వస్తాయి, గంప ఇక్కడే వదిలి వెళ్ళండి అని గార్డు వచ్చీరాని తెలుగులో చెప్పాడు. కొండ మీదికి వెళ్ళే జీపు మూడింటికి. అదే ఆఖరిదట.

అప్పటికి రెండున్నర అయింది.

ఇన్నమ్మ అందరికంటే ముందు దిగి కొండవైపు చూసింది. సగం కొండ మబ్బులో ఉంది.

ఆ మబ్బులో ఒక్కసారి నిలబడాలని ఆమె కోరిక. పదకొండేళ్ళుగా వేసవి వచ్చిందంటే ఆగిరిపల్లి తోటలో పాక, కోతులు, కాపలా. ఎండకి మాడిపోతూ మొగుడు బాలశౌరిని అడుగుతూనే ఉంది.

ఎనభై ఆరులో కాపు తొందరగా అయిపోయింది. వేళాంగణి మొక్కుకి బయలుదేరిన బాలశౌరి, దారి మళ్ళించి నీలగిరుల్లోని ఈ నేషనల్ పార్కుకి తీసుకొచ్చాడు.

గంప దింపించాడు. దింపించి దాని పక్కనే చతికిలబడ్డాడు.

"నూజివీడు రసాలు ఊరుగాని ఊళ్ళో వదిలేస్తామా? తినేసి పోదాం, రండి."

ఆడపడుచు దయామణి కూర్చుంది. ఆమె మొగుడు జోజి లుంగీ ఎగ్గట్టి కూర్చున్నాడు.

రసం గబగబా తినే పండు కాదు. పిసకాలి, ముచ్చిక తియ్యాలి, సొన పిండాలి, జుర్రాలి, టెంక చీకాలి. బాలశౌరి ఒక్కో పండూ ఏ చెట్టుదో చెప్పి మరీ తిన్నాడు. గార్డుకీ నాలుగిచ్చాడు.

గంప ఎక్కడికీ పోదు, వచ్చి తినొచ్చు అంది ఇన్నమ్మ. వచ్చేదాకా వీళ్ళు ఉంచుతారా అన్నాడాయన, గార్డు ముందే.

ఇన్నమ్మకి ఒళ్ళు మండిపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఏనుగుల కాపరి సరేనన్నా మామిడితోట కాపరి కదలడు!

జీపు హారన్ కొట్టింది.

ఇన్నమ్మ తనకొక్కదానికే టిక్కెట్టు తీసుకుని జీపు మెట్టు మీద కాలు పెట్టింది.

"ఒక్కదానివే వెళ్ళి ఏం చూస్తావ్? వచ్చే ఏడు వద్దాంలే, దిగు," అన్నాడు బాలశౌరి. రసం మోచేతులదాకా కారుతోంది.

వచ్చే ఏడు ఏ తోట గుత్తకి పట్టాలో నిన్ననే వ్యానులో జోజితో మాట్లాడాడు. ఇన్నమ్మ వింది.

అయినా దిగింది. ఎందుకు దిగిందో తనకే తెలియలేదు. మొగుడి మీదకంటే తన మీదే ఎక్కువ కోపం వచ్చింది.

జీపు వెళ్ళిపోయింది.

గంపలో సగం పళ్ళు అలాగే మిగిలాయి. ఇక ఎవరివల్లా కాలేదు. బాలశౌరి చెట్టుకింద తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. టెంకలు ఎత్తెయ్యమని గార్డు కేకలేశాడు. ఎత్తింది ఇన్నమ్మే.

గంటకి జీపు తిరిగొచ్చింది.

అందులోంచి ఎవరో ముసలావిడ దిగింది. తెల్లజుట్టు నిండా సన్నటి నీటిచుక్కలు. కొంగు మబ్బుకి తడిసి భుజానికి అతుక్కుపోయింది.

బాలశౌరి వ్యానులోంచి పిలుస్తున్నాడు, పొద్దుపోతోందని.

ఇన్నమ్మ పంపు దగ్గరికి పరిగెత్తి చేతులు కడుక్కుంది. మోచేతులదాకా రుద్ది కడుక్కుంది. వెళ్ళి, "ఒక్కసారి, అమ్మా," అని ఆ తడికొంగు పట్టుకుంది.

ముసలావిడకి భాష తెలియదు. కొంగు మాత్రం లాక్కోలేదు.