పలకని పేరు

“ఇనూ! ఇనూ!”

వెనక నుంచి మా జపాను ఇంజనీరు మోరి అరుస్తున్నాడు. నేను తిరగలేదు. ఇక ఆ పేరుకు పలకనని, పొద్దున మంగఫ్‌లోని మా గదుల నుంచి సైటుకు కంపెనీ బస్సులో వస్తూ ఒట్టు పెట్టుకున్నాను.

పరాయి మాటల్లో తన భాష మాటలు వెతికి నవ్వించడం అతని సరదా. అరబ్బులు ‘నేను’ అనడానికి ‘అనా’ అంటారు. “మా భాషలో బొక్క” అని పడీపడీ నవ్వేవాడు. తోటివాళ్లతో ఏం చెప్పబోయినా “ఒరే, ఇను” అనడం నా ఊతపదం. దాన్నే నాకు పేరు పెట్టేశాడు. బుల్లిరాజు అనడానికి నోరు తిరగదన్నాడు.

రెండేళ్లు పలికాను. దొర ముద్దుపేరు పెట్టాడని మాటలు రికార్డు చేసి ఇంటికి పంపిన క్యాసెట్టులో కూడా చెప్పుకున్నాను. ఇను అంటే జపాను భాషలో కుక్క అని నిన్ననే వాళ్ల వంటవాడు చెప్పాడు.

“ఇనూ!”

మొరుగు, ఎంతసేపు మొరుగుతావో. ఇవాళ కుక్కవి నువ్వే అనుకున్నాను.

పరుగెత్తుకొస్తున్న చప్పుడైంది. రెండు చేతులు నా వీపు మీద పడి బలంగా తోశాయి. ఇసుకలో బోర్లా పడ్డాను. తల తిప్పి చూస్తే, నేను నిలబడ్డ చోట క్రేను నుంచి జారిన పైపు ఉంది. దాని కింద మోరి కాళ్లు నలిగిపోయి ఉన్నాయి.

స్ట్రెచరు ఎక్కిస్తుంటే నా కోసం చూశాడు.

“బుల్లిరాజూ, ఓకే?”

ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

“ముందే ఆ పేరుతో పిలిత్తే తిరిగేవోణ్ణి గదరా, కుక్కా!” అని ఏడుస్తూ అరిచాను.