నా నడక నాది

"ముందు ఆ పాట ఆపు!" తలుపు అవతల నుంచి తండ్రి గాస్టన్ అరిచాడు.

జోరిస్ ఆపలేదు సరికదా, ఇంకాస్త పెంచాడు.

'నా రంగు నాది, నా నడక నాది' అంటూ పాడే పిల్ల గొంతు చించుకుంటోంది. ఈ చలికాలమంతా ఫ్రాన్సులో ఏ రేడియో పెట్టినా అదే పాట, అదే దరువు. డంకెర్క్ రేవులో చేపలమ్మేవాళ్లు కూడా దానికి కాళ్లు కదుపుతున్నారు. ఊరంతా గంతులేసింది గానీ, అందులో మాటలు చెవికెక్కించుకున్నది మాత్రం జోరిస్ ఒక్కడే.

తనకు నచ్చిన బట్టలు రెండేళ్లుగా బీరువా అడుగున దాచాడు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తొడుక్కుని, అద్దంలో మురిపెంగా చూసుకుని, మళ్లీ గుట్టుగా మడతపెట్టేసేవాడు. ఇవాళ తాడోపేడో తేల్చుకోవాలనుకున్నాడు.

వాటిని తొడుక్కుని గడియ తీశాడు.

గాస్టన్ కొడుకును ఎగాదిగా చూశాడు.

"ఇలా... వీధిలోకొస్తావా?"

"వస్తాను నాన్నా. నేనింతే."

"మా నాన్న, నేను, మీ బాబాయి... ఈ ఇంటి మగాళ్లెవరైనా ఏనాడైనా ఈ రోజున ఇలా గడప దాటారట్రా? రేవులో నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

తల్లి లిలియన్ మెడలోని రుమాలుతో కళ్లొత్తుకుంది. "నీ కోసం వారం రోజులు కూర్చుని కుట్టాన్రా. అవి వేసుకో నాయనా, ఈ ఒక్కరోజూ."

"ఎప్పుడూ ఈ ఒక్కరోజే అంటావమ్మా. వాటిల్లో నాకు ఊపిరాడదు."

"అందరూ నవ్వుతార్రా!"

"నవ్వనీ. నవ్వి నవ్వి వాళ్లే ఊరుకుంటారు."

గాస్టన్ కళ్లు తుడుచుకోబోయి, ఎందుకో చెయ్యి ఆపుకున్నాడు. "అయితే నా పక్కన నడవకు. ఇక ఎప్పటికీ."

నడక నేర్చిన దగ్గర్నుంచీ ఏటా ఈ రోజున జోరిస్ తండ్రి చెయ్యి పట్టుకునే వీధిలోకి వెళ్లేవాడు. ఆ చెయ్యంటే అతనికి ప్రాణం. అయినా లొంగదలుచుకోలేదు.

"సరే. ఒక్కడినే వెళ్తా."

బయట డప్పులూ పిల్లనగ్రోవులూ మోగుతున్నాయి. జోరిస్ తలుపు బార్లా తీసి, తల ఎత్తుకుని గుంపులోకి దిగాడు. ఎవరో ఈల వేశారు. ఎవరో పగలబడి నవ్వారు. అతను నడుస్తూనే ఉన్నాడు.

"ఒరేయ్, ఆగరా!" వెనక నుంచి తండ్రి కేక వినిపించింది.

జోరిస్ ఆగి, వెనక్కి తిరిగాడు.

ఏటేటా ఆనవాయితీగా కార్నివాల్ పండగకు ఆడవేషాలు కట్టి, ఆ పాటే పాడుతూ వీధి నిండా గంతులేస్తున్న డంకెర్క్ మగాళ్లను తోసుకుంటూ, పూలగౌను కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, కళ్లకు కాటుకతో, పెదాలకు దట్టంగా ఎర్రరంగుతో గాస్టన్ పరుగెత్తుకొచ్చి, బూడిదరంగు కోటూ టైలో ఒంటరిగా నిలబడ్డ కొడుకు చెయ్యి పట్టుకున్నాడు.