మెత్తని నక్షత్రం

"బేబీ... బర్త్ అవర్?"

అడిగింది బెంచీ మీది చైనా ముసలాయన.

అమెరికాలో మోరిస్‌విల్‌లోని ఆ అపార్ట్‌మెంట్ల వెనక వాననీటి కోసం తవ్విన గుంట ఒకటుంది. అందరూ పాండ్ అంటారు. దాని గట్టు మీద ఒకటే బెంచీ. ఎండైనా చలైనా ఆయన అక్కడ ఉండాల్సిందే. పేరు లిన్ అని, కూతురి ఇంట్లో ఉంటాడని మాత్రం తెలుసు. అంతకు మించి ఎవరికీ పట్టలేదు. ప్రాజెక్టు ఎటు పోతే కాపురం అటు పోయే జనం, పాత సంగతులు ఎవరికి కావాలి?

శ్యామ్‌సుందర్‌కి సరదా పుట్టింది. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతాం మనం. ఇది జాతకం మరి. నాలుగేళ్ళ కూతురు వేద పుట్టిన తేదీ, వేళ చెప్పేశాడు.

భార్య విద్య మోచేత్తో పొడిచింది.

"పుట్టిన టైం పరాయివాళ్ళకి చెప్తారా ఎవరైనా?"

"ఊరుకో విద్యా. పెద్దాయన."

లిన్ వేళ్ళ కణుపుల మీద ఏదో లెక్క వేసుకున్నాడు. వేదని చూశాడు. ముఖం పాలిపోయింది.

"జెంటిల్ స్టార్. గుడ్ స్టార్," అన్నాడు. తర్వాత చేతికర్ర ఎత్తి నీళ్ళ వైపు చూపించాడు. "బట్ నో షౌట్. వాచ్. ప్లీజ్ వాచ్."

ఇంటికొచ్చాక శ్యామ్‌సుందర్ ఫోన్‌లో వెతికాడు.

"ఇదిగో, చైనా జాతకంలో ఇదో మెత్తని నక్షత్రమట. ఈ పిల్లలు ఎవరితోనూ గొడవపడరు. కష్టమొచ్చినా నోరు విప్పరు. లక్కీ అట కూడా."

"అది నిజమే," అంది విద్య గర్వంగా.

వేద నోట్లో నాలుక లేని పిల్ల. టీకా పొడిచినా ఏడవదు. ఎంత బుద్ధిమంతురాలో అని నలుగురూ అంటుంటే విద్య పొంగిపోయేది. ఇంటికొచ్చి ఉప్పుతో దిష్టి తీసేది.

"మరి నీళ్ళ వైపు కర్ర చూపించాడేంటి, శ్యామ్?"

ఆ మాటే గుంటూరులోని తల్లి చాముండేశ్వరికి ఫోన్‌లో చెప్పింది.

"నీటిగండమేనే అది! ఎవడో ఏమిటో, నోరు మంచిది కాదు. పంతులుగారితో జపం చేయిస్తాను. నువ్వు పిల్ల కాలికి నల్లతాడు కట్టు."

వేద కాలికి నల్లతాడు వచ్చింది. జపం పూర్తయిందని వాట్సాప్‌లో వీడియో కూడా వచ్చింది.

"ఇంక గండం లేదు. నిశ్చింతగా ఉండు," అంది చాముండేశ్వరి.

విద్య నిశ్చింతగా ఉంది. పిల్ల గట్టు మీద ఆడుకుంటుంటే తను ఫోన్ చూసుకునేది.

ఒక సాయంత్రం తలెత్తేసరికి లిన్ వేద చెయ్యి గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

"హే! లీవ్ హర్!"

ఆ అరుపుకి బాతులు లేచిపోయాయి. ఆయన చెయ్యి వదిలాడు. నీళ్ళు చూపిస్తూ ఏదో చెప్పబోయాడు. విద్య వినలేదు. పిల్లని ఎత్తుకుని వచ్చేసింది.

ఆ రాత్రే ఆ సంగతి తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

"నేనూ చూశాను," అని రాసింది స్నేహితురాలు నమ్రత. "ఎప్పుడూ పిల్లల్నే చూస్తుంటాడు. క్రీపీగా ఉంటుంది. ఆఫీస్‌లో కంప్లైంట్ ఇద్దాం."

ఇచ్చారు. అపార్ట్‌మెంట్ ఆఫీసువాళ్ళు లిన్ కూతురిని పిలిచి మాట్లాడారు.

బెంచీ ఖాళీ అయింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

శనివారం నమ్రత కూతురి బర్త్‌డే. గట్టు పక్కనే షెడ్డు కింద బిర్యానీ ట్రేలు, బెలూన్లు, పాటలు. వేద నాన్న దగ్గర ఉందనుకుంది విద్య. విద్య దగ్గర ఉందనుకున్నాడు శ్యామ్‌సుందర్. పిల్లలందరూ కలిసి ఉన్నారులే అనుకుంది నమ్రత. పదిమందిలో పాము చావదని ఊరికే అన్నారా?

కేక్ కోసే ముందు చూసుకుంటే వేద లేదు.

ఒక్క కేక వేసి ఉంటే వినపడేంత దూరం. పాప వేయలేదు. ఒక బాతు వెనకాల దిగిపోయింది, అంతే. బయటికి తీసినప్పుడు కాలికి నల్లతాడు అలాగే ఉంది.

కర్మకాండ అయ్యాక ఒక సాయంత్రం విద్య గట్టు మీదకి వెళ్ళింది. బెంచీ మీద లిన్ ఉన్నాడు. పక్కన ఆయన కూతురు. ఆయన విద్యని చూసి లేచి నిలబడి, తల వంచాడు.

విద్యకి గుండె మండిపోయింది.

"మీకు ముందే తెలుసు! నా బిడ్డ జాతకంలో చూశారు! సరిగ్గా ఎందుకు చెప్పలేదు?"

కూతురు ఆ మాటలు తండ్రికి చైనా భాషలో చెప్పింది.

"నాన్నకి ముందు ఏదీ తెలియదు," అంది ఆమె. "జాతకంలో గండం కనిపించిందని కాదు ఆయన చెప్పింది. ఆయనకి ఇంగ్లిష్‌లో వచ్చింది ఆ నాలుగు మాటలే. మా పాపదీ అదే నక్షత్రం. మెత్తని పిల్ల. అదీ అరవలేదు."

"ఎక్కడ?" అంది విద్య.

ఆమె నీళ్ళ వైపు చూసింది.

"ఇక్కడే, మీరెవరూ ఈ ఊరు రాకముందు. ఆ మర్నాటి నుంచి మీరు వద్దనేదాకా, నాన్న మీ అందరి పిల్లలకీ ఈ బెంచీ మీద కాపలా ఉన్నారు."