డేగా కాదు, పావురమూ కాదు

కంప్యూటర్‌లో కొండముచ్చు మళ్లీ ఓడిపోయింది.

సిద్దార్థ కుర్చీని వెనక్కి తన్ని లేచాడు. కామారెడ్డిలో ఓ ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతూ, జంతువుల కొట్లాటల మీద పీహెచ్‌డీ చేస్తున్నాడు. సోమవారంలోగా చివరి అధ్యాయం ఇవ్వకపోతే సంతకం పెట్టేది లేదని గైడు తేల్చి చెప్పాడు. ఆరేళ్ల చాకిరీ ఆ సంతకం దగ్గరే ఆగి ఉంది.

గేమ్ థియరీ లెక్క సులువే. చివరిదాకా కొట్లాడేది డేగ. కాసేపు బెదిరించి, ఎదురు తిరిగితే పారిపోయేది పావురం. ఏ జంతువైనా ఈ రెండింట్లో ఏదో ఒకటి చేసి చావాలి. ఎల్లారెడ్డి ఊరి దగ్గర గంగమణి అనే రైతు తన మక్కచేనుకు కాపలా తెచ్చుకున్న కొండముచ్చు మాత్రం ఏదీ చేయదు. అయినా కోతులే పారిపోతాయి!

వెళ్లి చూద్దామంటే కాలేజీవాళ్లు సెలవివ్వరు. గంగమణిది బటన్ ఫోను, వీడియో రాదు. రోజూ సాయంత్రం ఫోన్ చేసి అడగడమే. కొండముచ్చును ఆమె కొండెంగ అంటుంది.

“ఇయ్యాల కోతులు వచ్చినయా అక్కా?”

“ఇరవై దాక వచ్చినయి సారూ. గట్టు మీదికెళ్లి కొండెంగను చూసి ఉరికినయి.”

“అది మీదికి దుంకిందా?”

“దుంకలే.”

“అరిచిందా?”

“సప్పుడే చేయలే. పండ్లు బయటపెట్టి గట్లనే చూస్తది.”

“ఒక్క అడుగన్నా వేసిందా?”

“ముందటికి లేదు, ఎనుకకు లేదు.”

ఇరవై రోజులుగా ఇదే జవాబు. సిద్దార్థకు తలప్రాణం తోకకొచ్చింది. అదే పోరును కంప్యూటర్‌లో పదివేలసార్లు ఆడించాడు. ప్రతిసారీ ఐదో రోజుకల్లా కోతులకు ధైర్యం వచ్చేది, చేను ఖాళీ అయ్యేది. కొండముచ్చు బలం పెంచాడు. కోతుల ఆకలి తగ్గించాడు. ఏదీ పారలేదు. ఆఖరికి దాని నిగ్రహానికే ఓ కొత్త పేరు పెట్టి ముప్పై పేజీలు రాశాడు. రాస్తున్నంతసేపూ తన మీద తనకే చిరాకేసింది.

ఆదివారం గంగమణే ఫోన్ చేసింది.

“సారూ, కొండెంగ పడిపోయింది! కోతులన్నీ చేన్ల జొరవడ్డయి!” ఏడుపు గొంతు.

సిద్దార్థ ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఇన్నాళ్లకు దాన్ని ఓడించే మొనగాడు దొరికాడు! గబగబా పెన్ను అందుకున్నాడు.

“ఏ కోతి కొట్టింది అక్కా? పెద్దదేనా?”

“కోతి కాదు సారూ, గాలిదుమారానికి కట్టెలు ఇరిగి ఫ్లెక్సీ నడిమిట్లకు చినిగింది.”