చేబదులు మామయ్య

“ఒక్కరు. మన పక్కన నిలబడిన పెద్దవాళ్లను, ఒక్కరంటే ఒక్కరిని గుర్తు తెచ్చుకో,” అంది అక్క.

“లేరు,” అన్నాడు తమ్ముడు.

అక్క సైకాలజిస్టు. దెబ్బలు తింటూ పెరిగిన పిల్లలు పెద్దయ్యాక ఏమవుతారన్నది ఆమె పరిశోధన. ముక్కూమొహం తెలియని వాళ్లందరినీ తన ఆఫీసులో కూర్చోబెట్టి అడిగింది. సొంత తమ్ముణ్ని అడగడానికే ఇన్నేళ్లూ నోరు రాలేదు.

ఇప్పుడు వాణ్నీ అదే ఆఫీసుకి పిలిచి అడగక తప్పలేదు. నెల తిరిగితే వాడు తండ్రవుతాడు. బిడ్డ పుట్టేలోపు వేరే గది చూసుకుని వెళ్లిపోతానంటున్నాడు.

“నా చెయ్యి నాన్న చెయ్యే అక్కా. ఎప్పుడు లేస్తుందో నాకే తెలీదు.”

నాన్న పోయి చాలాకాలమైంది. తమ్ముడి లెక్కలో మాత్రం ఎక్కడికీ పోలేదు, వాడి కుడిచేతిలో కాపురముంటున్నాడు.

“నాకు ఆయన ముక్కొచ్చింది. ఏం చెయ్యను, కోసుకోనా?”

వాడు నవ్వలేదు.

“అన్ని దెబ్బలు తిని కూడా నిలదొక్కుకున్న ప్రతివాళ్లకీ ఎవరో ఒకరు ఉన్నార్రా. అమ్మమ్మో, టీచరో. ‘ఈ పిల్లాడు ఏమైపోతాడో’ అని బెంగపడిన మనిషి.”

“మనకి లేరని చెప్తున్నానా! గోడకవతల అందరికీ వినపడేది. ఒక్కడొచ్చి ఆపాడా? ఒక్కడు?”

వాడి అరుపు గది దాటింది. బల్ల మీద గుద్దాడు. గడ్డం వణుకుతోంది.

ఏడుస్తాడు, ఇన్నాళ్లకి ఏడుస్తాడు అనుకుంది అక్క.

తలుపు టకటకమంది.

తీస్తే నున్నటి గుండు. చేబదులు మామయ్య.

చిన్నప్పటి పక్కింటాయన. నిచ్చెన, సుత్తి, కత్తెర, గరాటు... ఏదో ఒకటి అడుక్కుంటూ వేళాపాళా లేకుండా దిగబడేవాడు. తలమీద వెంట్రుక లేని మనిషి ఓసారి దువ్వెన పట్టుకెళ్లాడు. వచ్చినవాడు ఊరికే పోడు. కుర్చీ లాక్కుని, ధరల దగ్గర మొదలుపెట్టి దేశాల దాకా నమిలేవాడు. ఆ పేరు నాన్న పెట్టిందే. ఆయన గడప దాటాక నాన్న తిట్లన్నీ ఆయనకే.

“అమ్మాయీ, గుండుసూది ఉందా?”

ఇన్నేళ్ల తర్వాత పలకరింపు అదీ!

“లేదు మామయ్యా. పనిలో ఉన్నాను. ఇంకోసారి రండి.”

ఆయన ఆమె భుజం మీదుగా లోపలికి చూశాడు. “తమ్ముడు కులాసానా?”

“కులాసా,” అని తలుపు వేసేసింది.

వెనక్కి తిరిగేసరికి తమ్ముడి మొహం మళ్లీ గోడలా అయిపోయింది.

“చూశావా మన అదృష్టం? ఆదుకోవడానికి ఎవరూ రాలేదు. అడుక్కోవడానికి మాత్రం ఆఫీసుదాకా వస్తారు.”

మాట అక్కడితో తెగిపోయింది.

వారం తిరక్కుండానే ఆయన పోయాడని కబురొచ్చింది. ఒకప్పటి పక్కింటివాళ్లం, వెళ్లకపోతే బావుండదని అక్క తమ్ముణ్ని లాక్కెళ్లింది.

“ఈపాటికి యముణ్ని అడుగుతుంటాడు, ఆ పాశం ఓసారి ఇస్తారా అని,” అన్నాడు వాడు మెట్లెక్కుతూ.

“ఛ, నోర్ముయ్,” అంది అక్క, నవ్వాపుకుంటూ.

అత్తయ్య మంచం అంచున కూర్చుని ఆయన చొక్కాలు మడతపెడుతోంది.

“మీ ఆఫీసుకి వచ్చారటగా అమ్మా. పేపర్లో నీ ఫొటో చూసినప్పట్నుంచీ ఒకటే గొడవ, పిల్లలెలా ఉన్నారో చూసొస్తానని.”

అక్కకి సిగ్గేసింది. “కూర్చోమనైనా అనలేదత్తయ్యా.”

“అయ్యో, తప్పు తనదే అన్నారు. బయట బెంచీ మీదే ఉందామనుకున్నారట. లోపల ఎవరో అరుస్తుంటే ఉండబట్టలేక తలుపు కొట్టేశారట. పాత అలవాటు కదమ్మా.”

“అలవాటేమిటి?” అన్నాడు తమ్ముడు.

అత్తయ్య చేతిలో చొక్కా ఒళ్లో పెట్టుకుంది.

“మా ఇంట్లో లేని వస్తువేముంది నాయనా? అటు మీ నాన్నగారి గొంతు లేస్తే చాలు, ఇటు ఈయన కంచం ముందు నుంచి లేచిపోయేవారు, ‘ఇవాళ ఏం అడగనే?’ అని నన్నే అడుగుతూ.”