హాంబర్గ్‌కి ఎన్ని స్టార్లు?

"ఈ ఊరికి ఒక్క స్టారు కూడా దండగ" అన్నాడు దువార్తె, బ్రెడ్డు మీద వెన్న కసికసిగా రాస్తూ.

ఆయన లిస్బన్ నుంచి వచ్చిన రిటైర్డ్ లెక్కల మాస్టారు. హాంబర్గ్‌లో దిగి రెండు రోజులైంది. పక్క బల్ల దగ్గర టిఫిన్ చేస్తున్న పోలండు నర్సు హలీనా నవ్వింది.

"నేను అయిదుకి అయిదూ ఇచ్చేశానండీ. రాత్రే ఇంటర్నెట్‌లో రాసి పెట్టేశాను."

"ఏం చూసి ఇచ్చారమ్మా? ఈ వానా? ఈ మబ్బు మొహం ఆకాశమా?"

"వానదేముందండీ, ఎక్కడైనా పడుతుంది. మనుషుల్ని చూసి ఇచ్చాను."

"మనుషులా! నిన్న పొద్దున ఇదిగో, ఈ హోటలు ముందే ఎర్రలైటు పడింది. కనుచూపు మేరలో ఒక్క కారుంటే ఒట్టు. పోన్లే అని అడుగేశాను. ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఓ ముసలావిడ, నా కాలరు పట్టుకుని వెనక్కి లాగింది. 'పిల్లలు చూస్తున్నారు, సిగ్గులేదా' అంటూ ఒకటే కేకలు! ముప్ఫై అయిదేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణమ్మా. నాకు సిగ్గు నేర్పుతుందా?"

"నన్నూ ఆపిందండీ. పచ్చలైటు పడేదాకా నా చెయ్యి పట్టుకునే నిలబడింది. మా అమ్మ గుర్తొచ్చింది."

బల్లల దగ్గర ఉడికించిన గుడ్లు పెడుతున్న హెన్నింగ్ తల ఇంకాస్త వంచుకున్నాడు. పన్నెండు గదుల ఆ హోటలు అతనిదే. ఆ ముసలావిడ ఎల్ఫ్రీడా అతని తల్లే.

ఆమెకు ఎనభై ఏళ్ళు. వానైనా మంచైనా, పిల్లలు బడికి వెళ్ళే వేళకు ఆ సిగ్నల్ దగ్గర హాజరు. నిలబడమని ఎవరూ చెప్పలేదు, వద్దంటే వినే మనిషీ కాదు. హాంబర్గ్ చూసిపోయిన వాళ్ళు ఇంటర్నెట్‌లో ఎవరికి తోచింది వాళ్ళు రాసేవారు. రేవు బాగుందని ఒకరు, కంపు కొడుతోందని ఒకరు. కానీ ఈ హోటల్లో దిగినవాళ్ళ రాతలన్నీ తిరిగి తిరిగి ముసలమ్మ దగ్గరే ఆగేవి. ఊరు బంగారం, ముసలమ్మే గయ్యాళి అని కొందరు. ఊళ్ళో ఏముంది, ముసలమ్మే బంగారం అని కొందరు. మొదటి రకం వాళ్ళే ఎక్కువ. హోటలుకి నాలుగున్నర ఉన్న స్టార్లు మూడుకి దిగాయి. ఈ చలికాలం అయిదు గదులు ఖాళీ.

"ఇవాళ నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అని పొద్దున్నే నిలదీసింది అతని భార్య మారెన్.

తనే చెప్తానన్నాడు. కానీ ఏమని చెప్పాలి? నీవల్ల మా పరువు పోతోంది, గుమ్మం దాటకు అని కన్నతల్లితో ఎలా అనాలి? వారం నుంచి రేపు రేపంటూ నెట్టుకొస్తున్నాడు.

బడి గంట కొట్టినట్టుంది, తడిసిన రెయిన్‌కోటుతో ఎల్ఫ్రీడా లోపలికి వచ్చింది.

"ఈవిడే!" లేచి నిలబడ్డాడు దువార్తె.

"క్షమించండి మాస్టారూ" అంటూ పరుగెత్తాడు హెన్నింగ్. "మా అమ్మండీ. పెద్దావిడ..."

"మీ అమ్మా?" దువార్తె కళ్ళజోడు సర్దుకుని ఫోను తీశాడు. "అయితే మరి మీ హోటలు గురించి జనం రాసినవాటి కింద జవాబుగా ఇదెవరు రాశారు? వినండి. 'ఆమె ఒక వృద్ధురాలు. మతి స్థిమితం లేదు. మా హోటలుకూ ఆమెకూ ఎటువంటి సంబంధమూ లేదు. ఇట్లు, యాజమాన్యం.' ఒకచోట కాదు, పదిహేడు చోట్ల ఇదే అతికించారు."

హెన్నింగ్ తల్లి ముఖం చూడలేక చేతిలోని గుడ్ల పళ్ళెంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆమె మాత్రం నింపాదిగా కోటు విప్పి కుర్చీకి తగిలించి, దువార్తె ఎదురుగా కూర్చుంది.

"వాడు రాసింది నిజమేనండీ. నాకు మతి లేదు. ఉంటే నా చిన్నకొడుకు లార్స్ పోయేవాడా? నలభయ్యేళ్ళయింది. వాడికప్పుడు ఆరేళ్ళు. ఈ సిగ్నల్ దగ్గరే. బడికి వేళైపోతోంది, ఎర్రలైటు. కార్లేం లేవు కదా అని వాడి చెయ్యి పట్టుకుని గబగబా అడుగేశాను. మలుపులోంచి పాలవ్యాను వచ్చింది."

హలీనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దువార్తెకు జాలి కన్నా కోపమే ముందు వచ్చింది.

"చిన్నపిల్లాడికి తెలీదు, సరే. తల్లివి, నీకు తెలియొద్దా?"

"మాస్టారూ!" గద్దించింది హలీనా.

"అననీ అమ్మా. ఆయన అన్నదాంట్లో తప్పేముంది?" అంది ఎల్ఫ్రీడా. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "రేపట్నుంచి వెళ్ళన్లేరా హెన్నింగ్. పైగది కిటికీలోంచి చూస్తూ కూర్చుంటా. నీ గదులు నిండాలి కదా."

హెన్నింగ్ నోరు తెరిచాడు. దువార్తె ఇంకా ఆమెకేసి అసహ్యంగా చూస్తూనే ఉన్నాడు. హెన్నింగ్ నోరు మూసుకుని, ఆయన ముందున్న ఖాళీ ప్లేటు తీశాడు.

నలభయ్యేళ్ళ కిందటి ఆ పొద్దున ఎల్ఫ్రీడా రేవు దగ్గర చేపల ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉంది; లార్స్ చెయ్యి పట్టుకుని ఎర్రలైటు ఉండగానే రోడ్డు మీదికి లాక్కెళ్ళింది పన్నెండేళ్ళ హెన్నింగ్.